పాత ఫైల్లో పిచ్చుక

సోమవారం పొద్దున్న పిచ్చుక చీపురు గోడకి ఆనించి, చేతిసంచీలోంచి ఓ ప్లాస్టిక్ కవరు తీసింది. కవర్లోంచి నాలుగు మడతల కాగితం తీసి, తడి చేతులు ఇంకోసారి తుడుచుకుని, ఇన్‌స్పెక్టరు ముందు బల్ల మీద పరిచింది.

పిచ్చుక అంటే ఆ ఇంట్లో గిన్నెలు తోమి, గదులు తుడిచే మనిషి. అసలు పేరు వేరే ఉంది. బక్క శరీరం, ఒకచోట నిలవని కాళ్ళు, ఆగని నోరు చూసి ఎవరో పెట్టారు, అదే అతుక్కుపోయింది. ఇన్‌స్పెక్టరంటే పోలీసు అనుకునేరు. లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు పైకప్పు మీద కూర్చుని తాడు తాడూ తడిమి చూసి, ఎక్కొచ్చని సంతకం పెట్టడం ఆయన పని.

"పింఛను కాగితం సార్. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి ఇస్తారంట. అరవై దాటాలంట, దాటాను. ఒకే ఇంట్లో పదిహేనేళ్ళు చేసుండాలంట, మీ ఇల్లే. మిగతా ఇళ్ళవాళ్ళు రెండేళ్ళకోసారి మారిపోతారు, వాళ్ళ మొహాలే నాకు గుర్తుండవు. శుక్రవారమే ఆఖరంట. మీరు ఇక్కడ రాసి పెడితే చాలంట."

ఇన్‌స్పెక్టరు కాగితం చదివాడు. కింద గళ్ళలో ఉంది: పై వ్యక్తి ఫలానా తేదీ నుంచి నా ఇంట్లో పనిచేస్తున్నదని ధ్రువీకరిస్తున్నాను. యజమాని సంతకం. అంతే.

"దానికేముంది, పెడతా," అని జేబులో కలం కోసం చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఆగింది. వంటగది గుమ్మంలో భార్య నిలబడి చూస్తోంది. ఆమె ఓ స్కూల్లో ఫీజుల కౌంటర్లో కూర్చుంటుంది. కాగితాన్ని తలకిందులుగా కూడా చదవగలదు.

"సాయంత్రం చూస్తార్లే," అంది భార్య. "నువ్వు ముందు బాల్కనీ తుడువు."

పిచ్చుక బాల్కనీలోకి వెళ్ళగానే భార్య గొంతు తగ్గించింది. "యజమాని అని రాసుంది, కనబడలేదా? మా స్కూల్లో లెక్కల టీచరు వాళ్ళ చుట్టాలు ఇలాగే పెట్టారట. ఏడాది తిరక్కుండా నోటీసొచ్చింది. అన్నేళ్ళు పనిచేయించుకున్నారు కదా, మరి ఆ సెలవులూ ఈ బోనసులూ ఏవని. మనం యజమానులమేంటి? మనమే ఒకళ్ళ దగ్గర పనిచేస్తున్నాం."

"మరి లేదని ఎలా చెప్పను?"

"లేదనకు. సంతకం వద్దు. నీ కంప్యూటర్లో లెక్కలన్నీ ఉన్నాయిగా, అవి తీసి ఇయ్యి. రుజువు కావాలంతే కదా వాళ్ళకి?"

ఇన్‌స్పెక్టరు ప్రాణం కుదుటపడింది. ఆయన చెడ్డవాడు కాదు, అదే అసలు చిక్కు. చెడ్డవాడైతే పొద్దున్నే పొమ్మనేవాడు, ఆవిడ ఇంకో దారి వెతుక్కునేది. మంచివాళ్ళు మనిషిని పొమ్మనరు, తిప్పుతారు.

*

ఆయన దగ్గర ఇంటి లెక్కల ప్రోగ్రాము ఒకటి ఉంది. పాలకీ, కరెంటుకీ, పాప ఫీజుకీ, చెప్పుల మరమ్మతుకీ ఖర్చయిన ప్రతి పైసా సాయంత్రం కాఫీ తాగుతూ అందులో ఎక్కిస్తాడు. ఆయనకదో వ్యసనం. కొందరు పేకాడతారు, ఈయన పద్దులు వేస్తాడు.

సాయంత్రం కుర్చీ దగ్గరకి లాక్కుని, ఫారం మీదున్న పేరు అక్షరం అక్షరం చూసి కొట్టాడు. ఆ పేరు రాయడం ఆయనకదే మొదటిసారి. వెతుకు అన్నాడు. ఫలితాలు ఏమీ లేవంది మిషను.

తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టాడు. లేవు.

అప్పుడు నవ్వుకుని "పిచ్చుక" అని కొట్టాడు. బిలబిలమంటూ వరసలు దిగాయి. నెలకొకటి. హమ్మయ్య అనుకుని చివరికంటా దించాడు. మూడేళ్ళ కిందటితో ఆగిపోయింది. ఆ పైన ఒకే ఒక్క వరస: ప్రారంభ నిల్వ.

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు ఈ ఫైలు మరీ బరువెక్కింది. తెరుచుకునేలోపు స్నానం చేసి రావచ్చు. మేనల్లుడొకడు, కంప్యూటర్ల కంపెనీలో పనిచేసేవాడు, ఇంటికొచ్చినప్పుడు చూసి, "ఏంటి మామయ్యా, ఎప్పుడో కొన్న టమాటాలు కూడా మోస్తున్నావ్? రెండేళ్ళు ఉంచుకుని మిగతావి పాత ఫైల్లోకి తోసెయ్" అన్నాడు. తోసేశాడు.

పాత ఫైలు తెరిచాడు. "పిచ్చుక" అని కొట్టాడు. ఫలితాలు లేవు.

కాఫీ చల్లారింది. పదేళ్ళ ఫైలు కళ్ళ ముందుంది. టమాటాలు ఉన్నాయి, పాప పళ్ళ డాక్టరు ఉన్నాడు, పోయిన గొడుగుకి బదులు కొన్న గొడుగుంది. పిచ్చుక లేదు.

*

మంగళవారం మధ్యాహ్నం ఒక భవనం పైకప్పు మీద, మోటారు గదిలో గ్రీజు చేతులతో ఫోను చెవికి నొక్కుకుని మేనల్లుడితో మాట్లాడాడు.

"తోసేసేముందు ఏమైనా సర్దావా మామయ్యా?"

"కొంచెం సర్దా. శుభ్రత అని ఒక పద్దు, పనివాళ్ళు అని ఒకటి, ఇతరాలు అని ఒకటి ఉండేవి. గందరగోళంగా ఉంటే మూడూ కలిపి ఇంటి నిర్వహణ అని చేశా."

"తర్వాత?"

"పాత ఫైల్లోకి పోయే ఆ పద్దుని నెలకొక్క వరసగా కుదించమంటారా అని మిషను అడిగింది. అవునన్నా."

"అడిగిన దానికల్లా అవునంటావేంటి మామయ్యా? ఫినాయిలు, చీపుర్లు, సబ్బుపొడి, పిచ్చుక అత్త జీతం, అన్నీ కలిపి ముద్ద చేసేశావ్. ముద్దలోంచి మళ్ళీ బియ్యం గింజలు తీయమంటే ఎలా?"

"వెనక్కి తిప్పే మీట ఉండదూ?"

"నిరుడు నొక్కాల్సిందది. పాత కాపీలేమైనా ఉంటే చూడు."

మోటారు తిరగడం మొదలెట్టింది. ఇన్‌స్పెక్టరు తాడు వైపు చూస్తున్నాడుగానీ ఆయనకి తాడు కనబడటం లేదు. నెలకొక్క వరస. నీటుగా, అందంగా. అలా కుదించిన రోజు భార్యని పిలిచి మరీ చూపించాడు. ఎంత తేలికైందో చూడు అన్నాడు.

ఇంటికొచ్చి సొరుగులో పెన్‌డ్రైవులన్నీ బల్ల మీద కుమ్మరించాడు. ఒకదాంట్లో పాప చిన్నప్పటి ఫొటోలు. ఒకదాంట్లో ఎవరిదో పెళ్ళి. మూడోదాంట్లో దొరికాయి కాపీలు: "కొత్తది", "కొత్తది 2", "అసలుది", "అసలుది చివరిది", "చివరిది కాదు". ఏది దేని తర్వాతదో రాసినవాడికే తెలియదు. "చివరిది కాదు" తెరిస్తే అది అన్నిటికంటే తాజాది. "అసలుది చివరిది" తెరిస్తే అందులో సగం నెలలు రెండేసిసార్లు ఉన్నాయి. ఎప్పుడో పొరపాటున పాత కాపీలో కొత్త పద్దులు వేసుకుంటూ పోయి, తెలిశాక అవన్నీ మళ్ళీ అసలు దాంట్లో వేసినట్టున్నాడు. లేక అసలు దాంట్లో వేసి ఇందులో మళ్ళీ వేశాడా? ఒకే ఫినాయిలు సీసా రెండు ఫైళ్ళలో రెండు తేదీల్లో కొన్నాడు. ఏది కొన్నట్టు?

పక్క గదిలోంచి కూతురొచ్చి భుజం మీదుగా తొంగిచూసింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, కాలేజీలో చదువుతోంది, నోరు తల్లిది.

"సంతకం పెట్టేస్తే పోయేదానికి ఇదంతా ఏంటి నాన్నా?"

"రుజువు లేకుండా ఎలా పెడతానే? తర్వాత నా మీదకొస్తే?"

"ఆరుగురు ఎక్కొచ్చని రోజూ లిఫ్టుల మీద పెడతావు. తాడు తెగితే నీ మీదకి రాదా?"

"అది చూసి పెడతాను."

"పిచ్చుకత్తని చూళ్ళేదా?"

ఆయన తెర వైపు తిరిగాడు. మిషను తిరుగుతూ ఉంది, ఇంకో ఫైలు తెరుచుకుంటోంది.

*

బుధవారం ఒక దారి దొరికినట్టే దొరికింది. ఆ "చివరిది కాదు"లో పద్దులు ముద్ద కాకముందటి వరసలున్నాయి. పదమూడేళ్ళ కిందట ప్రోగ్రాము మొదలెట్టిన రోజు నుంచీ ఉన్నాయి. నెల నెలా ఒకటో తారీఖు, పిచ్చుక, జీతం. ఒక్క నెల తప్పలేదు. ఇన్‌స్పెక్టరుకి ఛాతీ పొంగింది. ఫైలు అబద్ధం చెప్పదు, మనుషులే మర్చిపోతారు అనుకుంటూ అచ్చు తీయడం మొదలెట్టాడు.

పిచ్చుక అదే గది తుడుస్తోంది. ప్రింటరు కక్కుతున్న కాగితాలు చూసి ముచ్చట పడింది. "ఇన్ని కాగితాలా సార్ నాకు! ఇవన్నీ చూస్తే ఆఫీసామె లేచి నిలబడుద్ది."

"అన్నీ నీవే. ఇదిగో చూడు, ప్రతి నెలా నీకిచ్చినట్టుంది."

ఆమెకి చదవడం రాదు గానీ అంకెలొచ్చు. వేలు పెట్టి కిందికి దించుకుంటూ పోయింది. ఓ చోట ఆగింది. "ఇది ఏ ఏడు సార్?"

ఆయన చెప్పాడు.

"ఇది నాకు కాలిరిగిన ఏడు సార్. మూడు నెల్లు రాలేదు నేను. మా అక్క ఇంట్లో మంచం మీదున్నా. అమ్మగారు ఇంకెవర్నో పెట్టుకుని, వాళ్ళు పొడి బట్టతో తుడుస్తున్నారని మానిపించారు."

"రాలేదా? ఇచ్చినట్టుందే."

"ఇవ్వలేదు సార్." మాట చప్పగా, మామూలుగా వచ్చింది. కోపమేమీ లేదు అందులో. "రాని నెలలకి ఎవరిస్తారు? మీరు ఇచ్చారని రాసుకున్నారా?"

ఇన్‌స్పెక్టరు అయోమయంగా తెర వైపు చూశాడు. ఇచ్చినట్టే ఉంది, మూడు నెలలూ ఒకటో తారీఖునే. ఆ కిందే నాలుగో నెలలో "నగదు సర్దుబాటు" అని ఓ వరస, సరిగ్గా ఆ మూడింటి మొత్తానికి. నెమ్మదిగా వెలిగింది. ప్రతి నెలా తనే ఎక్కించడం విసుగని, ఒకటో తారీఖు రాగానే దానంతటదే వేసుకోమని మిషనుకి అప్పగించాడు. అది వేసుకుంది. చేతిలో డబ్బు మిగిలిపోతుంటే ఎందుకు మిగులుతోందో తెలియక, తిప్పలు పడి, చివరికి సర్దుబాటు అని రాసి మూసేశాడు. ఒక మనిషి కాలు విరిగి మంచం మీదుంటే ఆయన లెక్కలో అది నగదు తేడా.

అయితే ఈ పదమూడేళ్ళ వరసలు దేనికి రుజువు? ఆమె వచ్చినందుకా? ఒకటో తారీఖులు వచ్చినందుకా?

"పోన్లెండి సార్," అంది పిచ్చుక బకెట్టు ఎత్తుకుంటూ. "ఎక్కువే రాశారుగా, తక్కువ రాయలేదు. ఆఫీసులో చూసుకుంటారు."

గురువారం ఆ కాగితాల కట్ట పట్టుకుని ఆమె ఒక్కతే ఆఫీసుకి వెళ్ళింది. మిగతా ఇళ్ళలో పని ఎగ్గొట్టి వెళ్ళింది. సాయంత్రం వచ్చేసరికి మొహం వాడిపోయింది. "కౌంటరామె కట్ట చూసి, ఇదేంటమ్మా పచారీ కొట్టు చిట్టాలా ఉంది అంది సార్. దీన్ని నేనేం అర్థం చేసుకోను, మీ సారుని రమ్మను అంది. నేను మీకు చెప్పగలనా? అయినా చెప్తున్నా. రేపు ఆఖరు."

భార్య స్టవ్ మీద గిన్నె దించి ఆయన వైపు చూసింది. ఆయన కూతురి వైపు చూశాడు. కూతురు పుస్తకంలో చూస్తోంది.

"వెళ్ళు," అంది భార్య చివరికి. "వెళ్ళి కాగితాలు చదివి వినిపించు. సంతకం మాత్రం..." ఆ వాక్యం పూర్తిచేయలేదు. పిచ్చుక గుమ్మంలోనే ఉంది.

*

శుక్రవారం ఇన్‌స్పెక్టరు సగం రోజు సెలవు పెట్టాడు. ఆ ఆఫీసు ఓ పాత భవనం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది, పనిచేయదు. మెట్ల మీద పిచ్చుక ముందు, ఆయన వెనక. పైన హాలు నిండా ఆడవాళ్ళు. బెంచీల మీద, నేల మీద, కిటికీ గట్టు మీద. అరిగిన వేళ్ళు, తడికి పాసిపోయిన పాదాలు, ప్రతి చేతిలోనూ ఒక ప్లాస్టిక్ కవరు. ఇంతమందిలో ఇంటివాళ్ళు వెంటొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆయన కళ్ళతో వెతికాడు. ఒక్కరూ లేరు. తనొక్కడే చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చినవాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఎవరో, "ఎవరమ్మా ఆయన?" అంటే పిచ్చుక, "మా సార్" అంది. గట్టిగానే అంది.

వాళ్ళ వంతు వచ్చింది. కౌంటరు వెనక మనిషి ముక్కు మీదికి జారిన అద్దాల్లోంచి చూసింది. ఆవిడ బల్ల మీద కాగితాలు ఎంత ఎత్తున్నాయంటే ఆవిడ గడ్డం వాటి మీద ఆనుకున్నట్టుంది.

"చెప్పండి సార్."

ఇన్‌స్పెక్టరు కట్ట విప్పాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇవి మా ఇంటి లెక్కలండీ. మధ్యలో పద్దులు కలిసిపోయాయి. ఇది పాత కాపీ నుంచి తీసింది. ఈ మూడు నెలలు నిజానికి... అంటే మిషను వేసుకుంది, ఆవిడ రాలేదు, కానీ కాలు విరగడం వల్ల రాలేదు, కాబట్టి..."

"ఆగండాగండి. ఈవిడ మీ ఇంట్లో చేస్తోందా లేదా?"

"చేస్తోందండీ."

"మరి ఆ మాట రాయడానికి ఇన్ని కాగితాలేంటి? మీ కరెంటు బిల్లు కూడా ఉందిందులో. నాకెందుకది? ఫారం ఇవ్వండి. ఎప్పట్నుంచి చేస్తోంది?"

ఆయన చెయ్యి అలవాటు కొద్దీ కట్ట చివరికి వెళ్ళింది. ఆఖరి కాగితంలో మొట్టమొదటి వరస. దాని మీది తారీఖు చదివాడు.

కౌంటరామె వేళ్ళ మీద లెక్కేసింది. "పదమూడు. పదిహేను నిండలేదు సార్. ఇంకో రెండేళ్ళాగి రమ్మనండి. తర్వాత ఎవరు?"

ఎప్పుడూ ఆగని పిచ్చుక నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆమె చెయ్యి ఫారం అంచు మీదుంది, లాక్కోవాలో వదిలేయాలో తెలియనట్టు. వెనక వరసలో ఎవరో అడుగు ముందుకేశారు.

"సార్," అంది నెమ్మదిగా. "మీరు కంప్యూటర్ కొన్న రోజు నాకు తెలుసు గదా."

ఆయన ఆమె వైపు తిరిగాడు.

"బల్ల కింద తుడుస్తుంటే చీపురికి వైరు చుట్టుకుంది. టక్కున ఆరిపోయింది. మీరు కేకలేశారు. పొద్దున్నే లెక్కలు మొదలెట్టానే, అంతా పోయింది అని నన్ను బల్ల కిందికే రావద్దన్నారు. ఇప్పటికీ ఆ మూల నేను చీపురు పెట్టను, చేత్తోనే తుడుస్తా."

ఇన్‌స్పెక్టరు చేతిలో కాగితం ఉంది. దాని మొదటి వరస ఉంది. అదెక్కిస్తున్నప్పుడు ఈ మనిషి బల్ల కింద ఉంది. వరసకంటే ముందు నుంచీ ఉంది. ఆ ముందు ఏముందని ఫైలుని ఎన్నిసార్లు అడిగినా అది చెప్పేది ఒకటే: ప్రారంభ నిల్వ. దాని ముందు ప్రపంచం లేదు.

"అంతకుముందు... ఎప్పుడు చేరావ్ నువ్వు?"

"తారీఖు నాకేం తెలుసు సార్. తలుపు కొడితే మీ పాప తీసింది. కుడి బూటు ఎడమకీ ఎడమది కుడికీ వేసుకుని, అప్పుడప్పుడే నడక కుదిరిన పిల్ల. రెండేళ్ళుంటాయేమో. ఉక్కగా ఉంది, వాన మొదలవలేదింకా."

"కథ కాదమ్మా, తారీఖు కావాలి," అంది కౌంటరామె. కానీ ఫారం పక్కన పడేయలేదు. వేలు దాని మీదే ఉంచింది.

ఇన్‌స్పెక్టరుకి పాప బూట్లు గుర్తున్నాయా? ఎర్రవా, నీలమా? ఏమీ కనబడలేదు. గుర్తు రాకపోవడం చూసి ఆయనకే భయమేసింది. చూడని తాడుకి ఆయన జీవితంలో ఎన్నడూ సంతకం పెట్టలేదు. ఇన్నేళ్ళుగా కళ్ళముందే తిరుగుతున్న మనిషి ఎప్పుడొచ్చిందో మాత్రం గుర్తు లేదు. అదీగాక భార్య. అదీగాక నోటీసు. అదీగాక ఒకవేళ అది రెండేళ్ళు కాక మూడేళ్ళయితే? ఏది సరో ఆయనకి తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే. కౌంటరు మీద ఆ బక్క చెయ్యి ఇంకా ఫారం అంచు పట్టుకునే ఉంది.

"కలం ఇవ్వండి," అన్నాడు.

పాప పుట్టిన ఏడుకి రెండు కలిపాడు. నెల దగ్గర కాసేపు కలం గాల్లో ఆగింది. వానలకి ముందు నెల వేశాడు. తారీఖు దగ్గర చేతికొచ్చింది ఒకటి. దాన్ని కొట్టేసి ఎనిమిది వేశాడు. ఎందుకు ఎనిమిదో అడిగితే చెప్పలేడు. కింద సంతకం పెట్టాడు. యజమాని అన్న మాట పక్కన తన సంతకం చూసుకుంటే ఎవరిదో చూసినట్టుంది.

కౌంటరామె ముద్ర దబ్బుమని వేసింది. రసీదు చింపి పిచ్చుక చేతిలో పెట్టింది. "ఈ కట్ట తీసుకెళ్ళండి సార్, నాకిక్కడ కాఫీ గ్లాసు పెట్టుకోడానికే చోటు లేదు."

మెట్లు దిగుతూ, ఇంటికెళ్ళి భార్యకి ఏం చెప్పాలో రెండు మూడు రకాలుగా మొదలెట్టి చూసుకున్నాడు, ఒక్కటీ ముగియలేదు. వీధిలోకి రాగానే పిచ్చుకకి మళ్ళీ నోరొచ్చింది.

"ఆ కాగితాలు పారేస్తారా సార్? ఒకవైపు తెల్లగా ఉన్నాయి. ఇటివ్వండి, మా మనవరాలు బొమ్మలేసుకుంటది."

ఆయన కట్ట మొత్తం ఇచ్చేశాడు. ఆమె దాన్ని సంచీలో కుక్కుకుంది. రసీదు మాత్రం చేతిలోనే పట్టుకుంది. రెండడుగులేసి ఆయన మళ్ళీ ఆగాడు.

"ఆ తారీఖు... నేను వేసింది. సరైనదేనంటావా?"

పిచ్చుక బస్సు వస్తున్న వైపు చూస్తూ కాస్త ఆలోచించింది. "ఏమో సార్. ఆ రోజు మీ సింకులో గిన్నెలు మాత్రం శానా ఉన్నాయి."